దొర మోటారుకు చార్జింగ్ ఎక్కని రోగం

ఈ కాలపు మెకానిక్కులంటే నాకు కోపం లేదు. జాలి మాత్రం ఉంది. బండి వచ్చీ రాగానే బానెట్ లేపుతారు, మీటరు తగిలిస్తారు, ఏదో ఒక సామాను మార్చి పొమ్మంటారు. వారం తిరక్కుండా అదే బండి మళ్ళీ వస్తే ఇంకో సామాను మారుస్తారు. ఆ బండి ఏ దారిలో తిరుగుతుంది, ఎవరు తిప్పుతారు, ఎట్లా తిప్పుతారు అని ఒక్కడూ అడగడు. అడగండిరా నాయనా అంటే "తాతా, నీ కాలం వేరే" అంటారు. నిజమే, మా కాలం వేరే. కానీ అడగకపోవడంలో మాత్రం మేమూ మీలాంటివాళ్ళమే. అడగకనే ఒక మోటారు దగ్గర నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాం. ఆ సంగతి చెబుతాను. ఓపిక ఉంటే వినండి, లేకపోతే వెళ్ళి మీ మీటర్లు పట్టుకోండి.

రజాకార్ల దినాలు. ఒక పక్క వాళ్ళు, ఇంకో పక్క నల్లగొండ దిక్కు నుంచి దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు, మధ్యలో పెట్రోలు కూపన్ల మీద బతికే మేము. జడ్చర్లలో రైలు స్టేషనుకు పోయే దారిలో మా ఉస్తాద్ గ్యారేజీ ఉండేది. నేను అందులో మిస్త్రీని. పని నేర్చుకునే వయసు దాటింది గానీ, నేర్చుకున్నాననే పొగరు ఇంకా దిగలేదు. ఉస్తాద్ హైదరాబాదులో నవాబుల మోటార్లకు పనిచేసి వచ్చినవాడు. బానెట్ లేపే ముందు బిస్మిల్లా అనేవాడు, దించేటప్పుడు ఆ బండి యజమానిని తిట్టేవాడు. రెండూ మనస్ఫూర్తిగానే.

ఆ గ్యారేజీకి ఒక దొర మోటారు వచ్చేది. ఊరి పేరు చెప్పను. కల్వకుర్తి దాటి దేవరకొండ వైపు పోతుంటే రెండు జిల్లాల నడుమ ఎక్కడో ఉందనుకోండి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయనవే. యుద్ధానికి ముందు కొన్న అమెరికా బండి అది. పెద్ద ఇంజను, నల్లటి నిగనిగలాడే ఒళ్ళు, వెనక సీట్లో మంచం వేసుకున్నంత జాగా. దానికి ఉన్న రోగం ఒక్కటే, బ్యాటరీ నిలవదు. పొద్దున్నే గడిలో, అంటే కోటలాంటి ఆ దొర ఇంట్లో, సెల్ఫ్ నొక్కితే ఒక మూలుగు మూలిగి ఊరుకుంటుంది. అప్పుడు వెట్టివాళ్ళను పిలిపించి గడి ముందు వాలు దాకా నెట్టిస్తారు. వెట్టి అంటే తెలుసుగా, ఇంటికొక మనిషి దొర పిలిచినప్పుడల్లా పోయి కూలి లేకుండా చెప్పిన పని చేయడం. మోటారు నెట్టడం కూడా అందులో కలిసిపోయింది.

అదే బండి జడ్చర్లకు వచ్చేసరికి నిక్షేపంగా ఉండేది. ఉస్తాద్ సెల్ఫ్ ఇట్లా ముట్టుకుంటే అట్లా లేచేది. దొర డ్రైవరు తెల్లముఖం వేసేవాడు.

"ఒట్టు ఉస్తాద్, పొద్దుగాల ఊరంత కలిసి నూకిన్రు. కావాలంటె వచ్చి అడుగుండ్రి" అనేవాడు.

ఉస్తాద్ గడ్డం గోక్కునేవాడు. "అరే, అత్తగారింట్ల మంచం పట్టి, తల్లిగారింటికి రాంగనే దుంకులాడే కోడలుపిల్ల లెక్కుంది గిది. నఖ్రాలు చేస్తాంది."

మీ బండ్లలో ఆల్టర్నేటర్లు ఉన్నాయి. అప్పట్లో డైనమో. ఇంజను తిరిగితే బెల్టుతో అదీ తిరిగి బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది. స్టీరింగు ముందు ఒక చిన్న మీటరు ఉంటుంది. దాని ముల్లు కుడికి వాలితే బ్యాటరీలోకి వస్తున్నట్టు, ఎడమకు వాలితే బ్యాటరీలోంచి పోతున్నట్టు. మా దగ్గర ఇంజను గట్టిగా తిప్పి చూస్తే ముల్లు కుడికే వాలేది. అయినా వదులుతామా? మొదట డైనమో కార్బన్లు మార్చాం. తర్వాత బెల్టు. తర్వాత, బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపే కట్‌ఔటు. ఆఖరికి ఉన్న వైర్లన్నీ పీకి కొత్తవి వేశాం. ప్రతిసారీ బండి మా దగ్గర బతికేది, గడిలో చచ్చేది.

ఉస్తాద్‌కు అనుమానం గడి మీదికి మళ్ళింది. "దొర దగ్గర రేడియో ఉన్నదంట గద. మోటరు బ్యాటరీ పీకి దానికి పెట్టుకొని పాటలు వింటున్నడేమో" అన్నాడు. డ్రైవరు చెవులు మూసుకున్నాడు. దొరను దొంగ అన్న మాట విన్నందుకు తన ఉద్యోగం పోతుందని భయం. చివరకు ఉస్తాద్ ఒక సంచిలో పనిముట్లు వేసి నా చేతికిచ్చాడు. "పో బేటా. రోగం యాడుంటె ఆడికే పోయి చూడాలె. దొరికేదాక రాకు."

మొదటి నుంచీ చేయాల్సిన పని అదే. మాకు తట్టడానికే అన్ని నెలలు పట్టింది.

గడిలో నన్ను బాగానే చూశారు. దొర చెడ్డవాడు కాదని అందరూ చెప్పుకునేవాళ్ళు. గొంతు పెంచడు, చేయి చేసుకోడు, చెప్పింది చివరిదాకా వింటాడు. విన్నాక తనకు తోచిందే చేస్తాడు. నేను బండి చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి నుంచి చూశాను. రేడియోకు దాని బ్యాటరీ దానికుంది. సాయంత్రం మోటారు బ్యాటరీ తీగ ఊడదీసి పెట్టాను, ఎక్కడైనా కరెంటు కారిపోతోందేమో తేలుతుందని. తెల్లారి తీగ తగిలించి సెల్ఫ్ నొక్కితే అదే మూలుగు. కారిపోవడం లేదు మరి. అసలు ఎక్కడమే లేదు.

ఇక మిగిలింది ఒక్కటే, బండి నడుస్తుంటే చూడటం. ఆ రోజు దొర ఊళ్ళ మీదికి బయలుదేరుతుంటే డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెట్టివాళ్ళు నెట్టారు, ఇంజను అందుకుంది. గడి గేటు దాటగానే ఒక మనిషి వచ్చి మోటారు ముందు నిలబడ్డాడు. యాభైకి అటో ఇటో ఉంటాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు చెప్పులు లేవు. దొర ముందు చెప్పులెట్లా ఉంటాయి? డ్రైవరు హారన్ కొట్టగానే ఉరకడం మొదలుపెట్టాడు.

"దొర వస్తున్నడు... లేవుండ్రి... పక్కకు జరుగుండ్రి..."

అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. తలగుడ్డలు చంకల్లోకి పోయాయి. దొర బండెక్కితే ముందు ఒకడు ఉరకాలి. ఎడ్లబండి నాటి నుంచి ఉన్న మర్యాద అది. మోటారు వచ్చిందని మర్యాద పోతుందా? అతని వెనక మా మోటారు మెల్లగా పాకుతోంది. పెద్ద ఇంజను కాబట్టి టాప్ గేరులో కూడా మనిషి ఉరికే వేగానికి నడుస్తోంది. డ్రైవరు చెయ్యి మాత్రం హారన్ మీద నుంచి లేవడం లేదు.

నేను మీటరు చూశాను. ముల్లు ఎడమకు పడుకుని ఉంది. అద్దం మీద వేలితో కొట్టాను. కదల్లేదు.

"ఈడ ఎప్పుడు గట్లనే ఉంటది తమ్మీ" అన్నాడు డ్రైవరు మెల్లగా.

ఒక ఊరు దాటాం, రెండో ఊరు దాటాం. అతను ఉరుకుతూనే ఉన్నాడు. దగ్గుతున్నాడు, మళ్ళీ అరుస్తున్నాడు. ముల్లు అట్లాగే పడుకుని ఉంది. ఆఖరి ఊరి పొలిమేరలో అతను పక్కకు తప్పుకుని హద్దురాయి మీద కూలబడ్డాడు. మళ్ళీ బండి తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చోవాలట. ముందు మనిషి లేడు, కంకర సడక్ వచ్చింది, డ్రైవరు కాలు నొక్కాడు. మీటరు ముల్లు నిద్ర లేచినట్టు లేచి కుడికి వాలింది.

"దొరికింది!" అని అరిచాను.

వెనక నుంచి దొర అడిగాడు. "ఏం దొరికిందిర?"

"ముంగట ఉరికే మనిషి దొరా!"

"వాడా? ఏం దొంగతనం చేసిండు?"

నా మొహం మీద చెమట తుడుచుకుని వివరించాను. ఇంజను వేగంగా తిరిగితేనే డైనమో కరెంటు ఇస్తుందనీ, మనిషి వెనక పాకితే ఇవ్వలేదనీ, ఇవ్వకపోగా హారన్ ఉన్నదంతా తినేస్తుందనీ, జడ్చర్ల సడక్ మీద జోరుగా వచ్చేసరికి మళ్ళీ నిండుతుందనీ చెప్పాను. కింది గేరులో పోతే ఇంజను వేగంగా తిరుగుతుంది కదా అన్నాను. దానికి డ్రైవరే జవాబు చెప్పాడు. ఒకసారి అట్లా పోతే మోటారు బొబ్బ పెట్టిందట, రెండో ఊరు చేరకముందే రేడియేటరు నీళ్ళు మరిగాయట, మోటారు చప్పుడులో ముందువాడి కేక ఎవరికీ వినపడలేదట. కేక వినపడకపోతే జనం లేవరు. జనం లేవకపోతే మోటారెందుకు?

దొర అంతా విన్నాడు. "అంటె, జోరుగ పోవాలె" అన్నాడు.

"అవు దొరా."

"బేష్. సమజైంది."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. హైదరాబాదులో నవాబుల మోటార్లు చూసిన ఉస్తాద్‌కు దొరకని రోగం నాకు దొరికింది. గడికి తిరిగి వచ్చాక దొర కచేరీలో నన్ను నిలబెట్టి, అందరి ముందు మెచ్చుకుని, మందు తానే చెప్పాడు.

"మోటరు జోరుగ పోవాల్నంటె, ముంగటోడు జోరుగ ఉరకాలె. ముసలోడు పనికిరాడు. రేపటి సంది వాని కొడుకును ఉరికియ్యుండ్రి."

నేను నోరు తెరిచేసరికి దొర లేచి లోపలికి పోయాడు.

పొద్దు గూకే వేళ మోటారు కొట్టం దగ్గర పనిముట్లు సర్దుకుంటుంటే ముందు ఉరికే ఆ మనిషి వచ్చాడు. దూరంగానే నిలబడ్డాడు. రమ్మని పిలిచినా దగ్గరికి రాలేదు.

"మిస్త్రీ సారూ, నువ్వు చెప్పింది అబద్దమని నేనంటలేను. నీ సదువు నీది. కని నా ముచ్చట జర ఇను. ఇంటికొక్క మనిషి వెట్టి చెయ్యాలె. నేనున్నన్ని దినాలు నేనే చేస్తనని దొర కాళ్ళు మొక్కిన. నా కొడుకు ఉరకద్దనే నేను ఉరుకుతున్న. వాడు ఇంత చెలక దున్నుకుంటుండు, మొన్ననే పెండ్లి చేసిన. గీ వయసుల వాడు మోటరు ముంగట పడితె వాని నడుం ఎన్నడు లేస్తది?"

"నేనేం చెయ్యాలె?" అన్నాను.

"మోటరుకు ఇంకేదన్న రోగం చెప్పు సారూ. దండం పెడ్త."

లేని రోగం చెప్పడం గ్యారేజీ పని చేసినవాడికి కొత్త కాదు. కానీ ఉన్న రోగాన్ని కాదని లేని రోగం చెప్పమని అడిగినవాడు నా జన్మలో అతనొక్కడే. తెల్లారి దొర దగ్గరికి పోయాను. రాత్రంతా ఆలోచించానని, నిన్న పొరపాటు పడ్డానని చెప్పాను. వేగం కాదు దొరా, దుమ్ము అన్నాను. ముందు ఉరికేవాడి కాళ్ళ కింద లేచే దుమ్మును ఇంజను పంఖా లోపలికి లాగుతోంది, అది డైనమోలో చేరి కరెంటును చంపుతోంది. అతన్ని మోటారు వెనక ఉరకమంటే సరిపోతుంది. వెనక ఉరికితే ఎవరు చూస్తారు, నాలుగడుగులు వేసి కూర్చుంటాడని నా లెక్క.

దొర చాలాసేపు ఆలోచించాడు.

"దుమ్మంటవు. నిజమే, ముసలోడు కాళ్ళు ఈడ్సుకుంట ఉరుకుతడు. వాడే ఉరకనీ. కొడుకు వద్దు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే, "ఎనుక ఉరుకుడేంది, ఎన్కట ఎవడన్న విన్నడా? దుమ్ము లేవకుంట నీళ్ళు సల్లిపిస్త" అన్నాడు.

మరునాడు ముందుగా వెట్టివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు నీళ్ళ కుండలెత్తుకుని బాట మీద చల్లుకుంటూ పోతుంటే, వాళ్ళ వెనక ముసలాయన ఉరుకుతుంటే, అతని వెనక మోటారు ఇంకా మెల్లగా పాకుతూ బయలుదేరింది. నీళ్ళు చల్లేవాళ్ళు ఉరకలేరు కదా. మీటరు ముల్లు ఇంతకుముందు ఎడమకు పడుకునేది, ఇప్పుడు సమాధి అయింది. బాయి దగ్గర ఒకామె నన్ను చూసి కుండ దించింది.

"ఓ మిస్త్రీ! నీ నోట్ల మన్నువడ! మోటరుకు రోగమొస్తె మాకు తాపినవు గదరా మందు! ఇంకో రోగం చెప్తివంటె నిన్నే గీ కుండల ముంచుత!"

నేను ఆ రోజే సంచి సర్దుకుని జడ్చర్ల చేరాను. ఉస్తాద్‌కు జరిగిందంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సగం తాగిన చాయ్ పక్కన పెట్టాడు.

"బస్ బేటా. ఇంక చుప్ కూసో. నువ్వు మల్ల ఇంకో రోగం చెప్పినవంటె, ఊరు ఊరంత మోటరు ముంగట ఉరుకుతది."

ఆ తర్వాత దొర రెండుసార్లు కబురు పెట్టాడు. ఉస్తాద్ ఒకసారి జ్వరమన్నాడు, ఇంకోసారి నాకు జ్వరమన్నాడు.

కొన్నాళ్ళకు ఆ ఊరికి సంఘం వచ్చింది. గడి ముందే నిలబడి, వెట్టి బంద్ అన్నారు, నీ బానిసనంటూ దొరను బాంచెన్ అనడం బంద్ అన్నారు. ఆడవాళ్ళు కుండలు ఇళ్ళలోకి తీసుకుపోయారు. ముసలాయన కర్ర మూల పెట్టాడు. ఆ సంగతి మాకు ఎట్లా తెలిసిందంటే, ఒకరోజు డ్రైవరు బండి తీసుకుని వచ్చి, దిగీ దిగకముందే ఉస్తాద్ చేతులు పట్టుకున్నాడు.

"ఉస్తాద్, మోటరు మంచిగైంది! ఒక్కపారి ముడితె లేస్తాంది. దొర మీకు షాబాష్ చెప్పమన్నడు. మొన్న మీరేసిన కట్‌ఔటు ఇప్పుడు పని చేస్తాందని చెప్పిండు."

నేనూ ఉస్తాదూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. డ్రైవరును కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. ముందు మనిషి లేకుండా పోతుంటే జనం చూడటం దొరకు నామోషీ. అందుకని ఊళ్ళోంచి పోయేటప్పుడు అద్దాలు ఎత్తించి, "జోరుగ పోనీ, జోరుగ పోనీ" అంటున్నాడట. హారన్ కొట్టవద్దన్నాడట, సంఘం వాళ్ళు వింటారని. ఇంకేం కావాలి? మీటరు ముల్లు పొద్దస్తమానం కుడికే వాలి ఉంటోంది. మేం నెలల తరబడి చేయలేని రిపేరును సంఘం ఒక్క మీటింగులో చేసి పెట్టింది. దొర వాళ్ళకు శాపనార్థాలు పెడుతూ, ఆ షాబాష్ మాకు పంపాడు. మేం తీసుకున్నాం. ఏం చేస్తాం?

ఇంకొన్నాళ్ళకు దొర కుటుంబంతో సహా హైదరాబాదుకు పారిపోయాడు. ఆ పొద్దున కూడా మోటారు సెల్ఫ్ ముట్టుకోగానే లేచిందట. అది మూలిగి ఊరుకుని ఉంటే ఆయన గడి దాటేవాడే కాదు. సంఘం బాగుచేసిన బండిలోనే సంఘానికి భయపడి పోయాడు.

తర్వాత పోలీస్ యాక్షన్ జరిగింది, నిజాం రాజ్యం పోయింది. మిలిటరీ లారీలు మా సడక్ మీదే పోయాయి. రజాకార్లు కనపడకుండా పోయారు. వాళ్ళు చేసినదానికి ఏ పాపం ఎరగని ఉస్తాద్ లాంటివాళ్ళు తలుపులు వేసుకుని కూర్చోవలసి వచ్చింది. చాలా దినాలు గ్యారేజీ తలుపు ఒక రెక్కే తెరిచేవాళ్ళం. నేను బయట కూర్చునేవాణ్ణి, ఆయన లోపల పని చేసేవాడు. బిస్మిల్లా మాత్రం మానలేదు, మెల్లగా అనేవాడు.

అట్లాంటి ఒకరోజు దొర మోటారు మళ్ళీ వచ్చింది. అదే నలుపు, అదే నిగనిగ. బానెట్ మీద మాత్రం మూడు రంగుల జెండా. మిలిటరీ వెనకాలే దొర కూడా గడికి తిరిగొచ్చాడట. డ్రైవరు దిగి తల గోక్కున్నాడు.

"ఉస్తాద్, బ్యాటరీ మల్ల కూసుంటాంది."

ఉస్తాద్ బానెట్ వైపు కూడా చూడలేదు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "ఎవడు ఉరుకుతున్నడు?" అన్నాడు.

డ్రైవరు తల దించుకుని చెప్పాడు. దొర రాగానే, ముసలాయన కొడుకును వచ్చి ఉరకమని కబురు పెట్టాడు. కొడుకు రానన్నాడు. రాకపోతే సంఘంవాడని మిలిటరీ క్యాంపులో పేరిస్తానని దొర కబురంపాడు. ఆ రోజుల్లో క్యాంపుకు పేరు పోతే మనిషి ఎప్పుడు తిరిగొచ్చేది, అసలు వచ్చేది రానిది ఎవరికీ తెలియదు. తెల్లారి ముసలాయనే మూలనున్న కర్ర పట్టుకుని వచ్చి మోటారు ముందు నిలబడ్డాడు. నా కొడుకు వద్దు దొరా, నేనున్న గద అన్నాడు.

"కని ఉరుకుతలేడు తమ్మీ. నడుస్తుండు. ఏందంటె పానం బాగలేదంటడు" అన్నాడు డ్రైవరు నాతో.

ఉస్తాద్ నా చేతికి సంచి ఇచ్చాడు. "పో. ఈపారి ఏ రోగం చెప్పకు. ఉత్తగ చూసి రా."

నేను వెళ్ళిన మరునాడే ఒక పెద్ద ఆఫీసరు గడికి వచ్చాడు. మన భాష రానివాడు, ఖాకీ బట్టలవాడు. ఊళ్ళన్నీ శాంతంగా ఉన్నాయా, వెట్టి నిజంగా పోయిందా అని చూడటానికి వచ్చాడు. దొర ఆయన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని మోటారులో బయలుదేరాడు. డ్రైవరు పక్కన నేను. ముందు ముసలాయన.

అతను ఎవరని ఆఫీసరు హిందీలో అడిగాడు. దొర నవ్వుతూ చెప్పిన జవాబు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. వెట్టి ఎప్పుడో పోయిందట. ముసలివాడు పాత ప్రేమ కొద్దీ తనంతట తానే వస్తున్నాడట, వద్దన్నా వినడట. ఆఫీసరు అట్లాగా అన్నాడు.

ఆ మాట అన్నాక ఇక ముసలాయన్ను ఉరకమని ఎట్లా గదమాయిస్తాడు? ప్రేమతో వచ్చేవాడు తనకు తోచినట్టు వస్తాడు. ముసలాయన పొలం గట్టు మీద పోతున్నట్టు నడుస్తున్నాడు. ఒకచోట ఆగి కాలిలో ముల్లు తీసుకున్నాడు. ఇంకోచోట ఎవరినో యోగక్షేమం అడిగాడు. మోటారు ఎగిరెగిరి పడుతూ ఆగుతోంది. మళ్ళీ సెల్ఫ్, మళ్ళీ రెండడుగులు. ప్రతి ఊళ్ళో ఆఫీసరు దిగడం, చూడటం, మళ్ళీ సెల్ఫ్. ముందు హారన్ గొంతు పోయింది. మేకపిల్ల అరుపులా అయింది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి మళ్ళీ గడి ఉన్న ఊళ్ళోకే వచ్చాం. సరిగ్గా ఊరి నడిబజారులో ఇంజను ఆగింది. డ్రైవరు సెల్ఫ్ నొక్కాడు. మూలుగు కూడా రాలేదు.

అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. ఎవరూ లేవలేదు.

"నూకుండ్రి రా!" అన్నాడు దొర, అద్దం దించి. ఎవరూ కదల్లేదు. ఎన్నడూ గొంతు పెంచని ఆయన గొంతు పెంచబోయి, పక్కనున్న ఆఫీసరును చూసి ఆగిపోయాడు. వెట్టి పోయిందని ఇందాకే చెప్పాడు కదా. ఆఫీసరుకు ఎండ మండుతోంది. విసుక్కుంటూ దిగాడు, టోపీ సీట్లో పడేశాడు, మోటారు వెనక్కి పోయి భుజం పెట్టాడు. ఒక ఆఫీసరు మోటారు నెడుతుంటే దొర సీట్లో కూర్చుంటాడా? ఆయనా దిగాడు. ఉత్తరీయం నడుముకు చుట్టుకున్నాడు. నేను ఒక మూల చెయ్యి వేశాను. ఆ వెట్టివాళ్ళు రోజూ ఎంత బరువు నెట్టారో నా భుజానికి అప్పుడు తెలిసింది. దొర భుజానికి తెలిసిందో లేదో నేను అడగలేదు.

మోటారు కదలగానే ముసలాయన వెనక్కి తిరగకుండా కర్ర ఎత్తాడు. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఖణేల్మని కేకేశాడు.

"దొర వస్తున్నడు... లేవుండ్రి... లేసి చూడుండ్రి..."

అరుగుల మీద వాళ్ళంతా లేచారు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు వచ్చారు. కుండ పట్టుకుని నన్ను తిట్టినామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంత మంది ఒక్కసారి లేవడం నేను ఆ ఊళ్ళో ఎన్నడూ చూడలేదు. ఆ జనంలో ముసలాయన కొడుకు కూడా ఉన్నాడు. తండ్రి పోలికే. నెత్తి మీద తలగుడ్డ తీయకుండా నిలబడ్డాడు. వాలు రాగానే ఇంజను అందుకుంది. ఆపితే మళ్ళీ చస్తుందని డ్రైవరు ఆపకుండా పోనిచ్చాడు. ముసలాయన తీరుబడిగా పక్కకు తప్పుకున్నాడు. దొరా ఆఫీసరూ ఆ దుమ్ములో నిలబడి దగ్గారు. ఆ దుమ్ము మీద నీళ్ళు చల్లేవాళ్ళు ఎవరూ లేరు.

దొర అతన్ని ఏం చేస్తాడోనని నాకు చాలా భయమేసింది. ఏమీ చేయలేకపోయాడు. ప్రేమతో వచ్చినవాడి మీద ఏమని ఫిర్యాదు చేస్తాడు? మెల్లగా నడిచాడనా? అయితే ఉరకమన్నది నువ్వేనా అని అడుగుతారు. అతని కొడుకు పేరు క్యాంపుకు ఇవ్వబోయినా, ఆ ఆఫీసరు భుజం నొప్పి తగ్గేదాకా దొర మాట వినే స్థితిలో లేడని డ్రైవరు చెప్పాడు. తర్వాత దొర హైదరాబాదులోనే కాపురం పెట్టాడు. మోటారును పాలమూరు బట్టల వ్యాపారి ఒకాయనకు అమ్మేశాడు. ఆయన దగ్గర దానికి ఏ రోగమూ రాలేదు.

మోటారు నెట్టిన ఆ రోజు సాయంత్రం నేను బయలుదేరేటప్పుడు ముసలాయన పొలిమేర దాకా వచ్చాడు. ఈసారి పక్కనే నడిచాడు.

"తెలిసే చేసినవా?" అని అడిగాను.

"నువ్వే చెప్పినవు గద సారూ, మెల్లగ పోతె మోటరు చస్తదని. మీ ఉస్తాదు ఎన్ని సామాన్లు మార్చిండో నాకు ఎరుకలేదు గని, గా ముచ్చట మాత్రం మరిచిపోలె." గొంగడి సర్దుకుని, "భయమైతే అయింది. ఉచ్చ పడ్డంత పనైంది" అన్నాడు.

చాలా ఏళ్ళకు మళ్ళీ ఒకసారి కనపడ్డాడు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే బస్సులో నేనొక పని మీద పోతున్నాను. డ్రైవరు వెనక సీట్లో ఒక ముసలివాడు, పక్కన కొడుకు, కొడుకు ఒళ్ళో మనవరాలు. ముసలాయన కాళ్ళకు కొత్త చెప్పులు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. పళ్ళు లేవు.

"వాడు ఉరకలె సారూ, ఒక్కనాడు గూడ ఉరకలె" అన్నాడు కొడుకు భుజం తడుతూ.

బస్సు ఊరు దాటి సడక్ ఎక్కింది. ముసలాయన ముందుకు వంగి డ్రైవరు వీపు మీద వేలితో తట్టాడు.

"జర జోరుగ పోనియ్ బిడ్డా. బ్యాటరీ ఎక్కాలె."

డ్రైవరు విసుక్కున్నాడు గానీ, బండిని జోరుగానే పోనిచ్చాడు.